పిక్కల నొప్పి దాచిన పిల్ల

నాందేడ్ రైల్వే క్వార్టర్లలో ఉండే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పాపయ్య కూతురు వసంతకు పదకొండేళ్లు. 1979 ఎండాకాలం మొదట్లో ఆ పిల్లకు గొంతు ఉబ్బింది. చేతులు వణికేవి, ఒక్కచోట కుదురుగా ఉండలేకపోయేది. ఎంత తిన్నా చిక్కిపోయేది. డాక్టర్ శివరాం పరీక్షలు చేయించి, గొంతులోని థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోందని చెప్పి మాత్రలు రాశాడు.

రెండు నెలలకు బుగ్గలు నిండాయి, చేతిరాత కుదురుకుంది. "నా బిడ్డ ఇప్పుడు మంచిగ ఒక్కతాన కూసుంటుంది" అని తల్లి ఆండాళ్ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది.

వసంతకు మాత్రం పిక్కలు పట్టేసేవి. బడి మెట్లు గోడ పట్టుకుని ఎక్కేది. ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం నానమ్మ వెంకవ్వతో కలిసి బియ్యం ఏరి, లేవబోయి లేవలేకపోయింది.

"ఏందే, లేస్తలేవు?" అంది వెంకవ్వ.

"కాళ్లు గుంజుతున్నయి అవ్వా. శానా దినాలైంది."

"మరి చెప్పకపోతివి?"

"అమ్మ మస్తు ఖుషీగుంది గదా."

వెంకవ్వ మనవరాలి పిక్క ఒత్తి చూసింది. రాయిలా ఉంది. "నువ్వు నొప్పి దాసుకుంటే అది ఖుషీ ఎట్లయితది?" అని, అప్పుడే కోడలిని పిలిచింది.

డాక్టరు వసంతను నేల మీద కూర్చోబెట్టి లేవమన్నాడు. మడమ వెనక చిన్న సుత్తితో తట్టి చూశాడు. రక్తం హైదరాబాద్ పంపించాడు. వారానికి కాగితం వచ్చింది.

"మందు జర ఎక్కువ పనిచేసింది. ఒంట్ల వేగం ఒక్కసారి తగ్గితే కొందరు పిల్లలకు కండలు గిట్లనే పట్టుకుంటయి" అన్నాడు.

"బంద్ చెయ్యాల్నా సాబ్?" అంది ఆండాళ్.

"బంద్ చెయ్యొద్దమ్మా. సగం చేద్దాం. నెలకోసారి చూపించు. బిడ్డా, ఇంకోసారి నొప్పయితే ఆ దినమే చెప్పాలె."

వసంత తలూపింది. రిక్షాలో ఆండాళ్ కూతురి కాళ్లను ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరేదాకా పిసుకుతూనే ఉంది.

నెల తిరిగేసరికి నాగపంచమి వచ్చింది. పక్కింటి జనాబాయి ఆడపిల్లలను వాకిట్లోకి పిలిచి ఫుగడీ ఆట మొదలుపెట్టింది. ఇద్దరిద్దరు చేతులు పెనవేసుకుని గిరగిరా తిరుగుతున్నారు. వసంత ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురితో తిరిగింది. నాలుగోసారి జతకు ఎవరూ దొరక్క నానమ్మను లాక్కొచ్చింది. వెంకవ్వ చీర చెంగు బొడ్లో దోపుకుంది.

డ్యూటీ దిగి వచ్చిన పాపయ్య సైకిల్ పట్టుకుని నిలబడిపోయాడు.

"అమ్మా, పడతవ్" అన్నాడు.

"పక్కకు జరుగురా" అంది వెంకవ్వ, తిరుగుతూనే.