నాలుగో పుస్తకం బరువు

పొద్దున తొమ్మిదింటికి చరిత్ర ఆఫీసులో మొదటి పని పుస్తకాలు దులపడం. ఒకటో పుస్తకాన్ని బైండరమ్మ చంకలో పెట్టుకుని తెచ్చేస్తుంది. రెండోదానికి గుమాస్తా బాబాయి ఓ చెయ్యి వెయ్యాలి. మూడోదాన్ని ఎవరూ ఎత్తరు. దానికి ఇనప బల్ల ఉంది, బల్లకి చక్రాలున్నాయి, చక్రాల కింద పట్టాలున్నాయి. నలుగురు సిపాయిలు ఊపిరి బిగబట్టి తోస్తే కిటికీ దాకా వస్తుంది. దులిపాక మళ్ళీ తొయ్యాలి.

సైన్యం తన చరిత్ర తనే రాసుకునే ఆఫీసు అది. యుద్ధంలో పోయినవాణ్ణి పోయాడని రాయకుండా వదిలేస్తే వాడి ఒంటి బరువు పుస్తకానికెక్కుతుంది. బతికున్నవాణ్ణి వదిలేసినా, పారిపోయినవాణ్ణి వదిలేసినా ఏం కాదు, కాగితం బరువే. అందుకే ఆ ఆఫీసుకి మేడ మీద గదులివ్వలేదు, కింద ఇచ్చారు. నిజం రాయడం కన్నా ఇనుము కొనడం తేలిక కదా, ఇనుమే కొంటూ వచ్చారు.

బైండరమ్మని కంట్రాక్టరు పెట్టించి ఆరేళ్ళయింది. మొగుడెవరని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. చెప్పడానికేముంది? సైన్యంలో లారీ డ్రైవరు. తొమ్మిదేళ్ళ కిందట ఏటి దగ్గర యుద్ధం జరుగుతుండగా లారీతో సహా పరారీ అని ఇంటికి కాగితం వచ్చింది. ఆ రోజు నించి ఆమె పెళ్ళామూ కాదు, విధవా కాదు.

ఇంట్లో అత్తకీ ఆమెకీ రోజూ అదే గొడవ.

"ఎవత్తో తగులుకునుంటుంది. లారీ ఎక్కించుకుని పోయాడు" అంటుంది ఆమె.

"నా కొడుకు అలాంటోడు కాదే. ఉంటే వచ్చేవాడు. రాలేదంటే లేడు."

"లేకపోతే చచ్చాడనే రాసేవాళ్ళు కదా! మీ కొడుకంటే వాళ్ళకేం పగ?"

ఆ మాటకి అత్త కంచం పక్కకి తోసి అటు తిరిగి పడుకుంటుంది. ఈవిడ మొగుణ్ణి తిట్టుకుంటూ గిన్నెలు తోముతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ గిన్నెలు తళతళలాడుతున్నాయంటే అదీ సంగతి.

నాలుగో పుస్తకం కాగితాలు తెచ్చి కల్నల్ ఆమె బల్ల మీద పెట్టాడు. ఉద్యోగం నించి దిగిపోయాక చరిత్ర రాయడానికి ఆయన్ని మళ్ళీ పిలిచి కూర్చోబెట్టారు.

"రేపు పదకొండింటికి జనరల్ గారొస్తున్నారు. ఆయన చేతుల మీదుగా విడుదల. ఇవాళే కుట్టెయ్యమ్మా."

కుట్టనంతసేపూ కాగితాలు కాగితాలే. ఆఖరి ముడి పడితేనే పుస్తకం, బరువొచ్చేదీ అప్పుడే. ఆమె దారానికి మైనం పూసి, మధ్యాహ్నం దాకా వంచిన తల ఎత్తకుండా కుట్టింది. ఆఖరి ముడి బిగించింది. బల్ల కాళ్ళు నాలుగూ నాలుగు పక్కలకి జరిగి, పుస్తకం నేల మీద దబ్బున కూర్చుంది.

"వచ్చిందిరా బాబూ" అన్నాడు గుమాస్తా బాబాయి. సిపాయిల్ని కేకేసి స్టోరులోని బస్తాలు తూచే కాటా మీదకి దొర్లించాడు. "నాలుగొందల ముప్ఫై. కాగితం మూడు కిలోలు పోను, మిగతాదంతా మనుషులే."

"ఏ యుద్ధం బాబాయ్ ఇది?"

"ఏటి వంతెనది."

ఆమె చేతిలో సూది అలాగే ఉండిపోయింది. "అందులో ఏం రాశారో చదువు."

ఆయన వంగి పేజీలు తిప్పాడు. "మనవైపు ఒక్క ప్రాణం పోలేదు. ఏడుగురు మాత్రం లారీతో పరారీ." చదివి ఆమె మొహం చూశాడు. లోపలికెళ్ళి, సైన్యంలో చేరేటప్పుడు డాక్టరు రాసే రిజిస్టరు పట్టుకొచ్చాడు. అందులో పేరు పక్కన పరారీ అని రాసున్న ఆ ఏడుగురి బరువులూ వేళ్ళ మీద కూడాడు. నమ్మకం లేక కాగితం మీద మళ్ళీ కూడాడు.

"నాలుగొందల ఇరవై ఏడు. సరిపోయింది."

"అది చేరినప్పటి బరువు కదా?"

"సైన్యం తిండి తిని లావైనవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదమ్మాయ్."

"డ్రైవరు ఎంత?"

"అరవై ఒకటి."

ఆమె ఏడవలేదు. చేతిలోని సూది జాగ్రత్తగా సూదుల దిండుకి గుచ్చింది. "తొమ్మిదేళ్ళు" అంది. "తొమ్మిదేళ్ళు నా నోటితో వాణ్ణి తిట్టించారు, దొంగ సచ్చినోళ్ళు."

కల్నల్ వచ్చేసరికి ఆమె కాటా పక్కనే నించుని ఉంది.

"డ్రైవరు మా ఆయన సార్. ఏం జరిగింది?"

కల్నల్ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "శత్రువు వచ్చేస్తున్నాడన్న కంగారులో వంతెన పేల్చమని ఆర్డరిచ్చారు. మన లారీ ఇంకా వంతెన మీదే ఉంది."

"ఎవరిచ్చారు?"

"రేపొచ్చే ఆయనే. అప్పుడింకా జనరల్ కాదు."

"మనోళ్ళని మనమే చంపి, పారిపోయారని రాశారా?"

"నేను కాదమ్మా. దళం రోజువారీ పుస్తకంలో అలాగే ఉంది. దాంట్లోంచి నేను ఎత్తి రాశాను, అంతే."

"ఆ రోజువారీ పుస్తకం ఎవరు రాశారు?"

"ఆయనే."

"బాగుంది. ఆయన రాశాడు, మీరు ఎత్తి రాశారు, నేను కుట్టాను. ముగ్గురం కలిసి వాణ్ణి బాగానే పూడ్చాం."

కల్నల్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు? రెండు భాగాలుగా విడగొట్టి కుట్టు. సగం సగం బరువైతే సిపాయిలు ఎలాగోలా మోస్తారు."

"విడగొట్టండి. మా ఆయన్ని ఎక్కడ కొయ్యమంటారు సార్, నడుం దగ్గరా, మెడ దగ్గరా?"

గుమాస్తా బాబాయి దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

"సరే, మీ ఆయన పేరొక్కటీ ఎక్కడో ఇరికిస్తాను" అన్నాడు కల్నల్. "యుద్ధంలో పోయాడనే రాస్తాను. నీకు కావాల్సింది అదే కదా?"

అదే కావాలి ఆమెకి. తొమ్మిదేళ్ళుగా ఇంకేమీ అక్కర్లేదు. ఆ మాట పట్టుకుని ఇంటికెళ్ళి అత్తకి చెప్తే చాలు. కాటా మీది పుస్తకం వంక చూసింది.

"మిగతా ఆరుగురి పెళ్ళాలూ నాలాగే తిట్టుకుంటూ గిన్నెలు తోముతుంటారు. నేనొక్కదాన్నీ మానేస్తే సరిపోతుందా?"

"నీతో నాకు వాదనేంటి? రేపు పదికల్లా ఆ పుస్తకం ఎత్తేలా ఉండాలి. ఎలా చేస్తావో నీ ఇష్టం!" విసురుగా వెళ్ళిపోయాడు.

"నా ఇష్టమన్నాడు, విన్నావా బాబాయ్?"

"రెండు చెవులా విన్నాను."

బైండింగులో ఆఫీసుది కాని కాగితం ఒకటుంది. అట్టకీ పుస్తకానికీ మధ్య పెట్టే ఖాళీ కాగితం. దాన్ని ఆఫీసరు చూడడు, టైపిస్టు చూడడు. కొయ్యడం, పెట్టడం, కుట్టడం అంతా బైండరు చేతుల్లోనే. ఆమె ముళ్ళన్నీ విప్పేసింది. కొత్త కాగితం కోసింది. ఆమె చదివింది మూడో తరగతి. బాబాయి ఒక్కో అక్షరం చెప్తుంటే, కలం పిడికిట్లో పట్టుకుని ఏడు పేర్లూ రాసింది. అన్నిటికన్నా పైన ఇలా రాసింది: 'వీళ్ళు పారిపోలేదు. వంతెన మీద ఉండగా మనవాళ్ళే పేల్చేశారు.' మొగుడి పేరు అన్నిటికన్నా కింద రాసింది. అక్కడ కలం కాగితాన్ని చీల్చినంత పని చేసింది.

మళ్ళీ కుట్టి, ముడి బిగించి, కాటా మీద పెట్టింది. మూడు కిలోలు.

మర్నాడు పదింటికి కల్నల్ ఒంటి చేత్తో పుస్తకం ఎత్తి సంబరపడ్డాడు. తర్వాత అనుమానమొచ్చి అట్ట తెరిచాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"చింపెయ్యండి సార్" అంది బైండరమ్మ. "మోయడానికి నలుగుర్ని పిలుస్తాను."

ఆయన గోడ గడియారం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. అట్ట మూసి పుస్తకం పట్టుకుని విడుదల సభ జరిగే హాల్లోకి నడిచాడు. ఆమె, బాబాయి వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర నించున్నారు.

పదకొండింటికి జనరల్ ఎడంచేత్తో పుస్తకం అందుకున్నాడు, ఫొటోకి నవ్వాడు, అట్ట తెరిచాడు. నవ్వు పోయింది.

"ఎవరి పైత్యం ఇది?"

జవాబు కోసం ఆగకుండా జేబులోంచి పెన్ను తీశాడు. చేతికి దగ్గరగా ఉంది కదా అని అన్నిటికన్నా కింది పేరు బర్రున కొట్టేశాడు.

అంతే, మనిషి ముందుకి తూలి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎడంచెయ్యి పుస్తకం కిందే ఉండిపోయింది. హాల్లో మూడొందల మంది సిపాయిలున్నారు. ఒక పేరు కొట్టేస్తే పుస్తకానికి ఎక్కే బరువు ఏం బరువో వాళ్ళకి ఒకరు చెప్పాలా? వెనక వరసలో ఒకడు లేచి నించున్నాడు. తర్వాత ఆ వరసంతా లేచింది. కాసేపటికి కూర్చున్నవాడు లేడు.

"ఎత్తండయ్యా!" అని అరిచాడు జనరల్.

ఒక్కడూ కదల్లేదు. చివరికి కల్నల్ వంగాడు. పుస్తకం పట్టుకోలేదు. దొర్లిపోయిన పెన్ను తీసి ఆయన కుడిచేతిలో పెట్టాడు.

"మళ్ళీ రాయండి సార్. రాస్తే లేస్తుంది."

వంతెన పేల్చినవాడే మోకాళ్ళ మీద కూర్చుని, వంకర టింకరగా, లారీ డ్రైవరు పేరు రాశాడు. చెయ్యి బయటికొచ్చింది.

సాయంత్రం బైండరమ్మ ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా అత్త ముందు నించుంది.

"మీ కొడుకు పారిపోలేదు."

"నేను చెప్పలా?"

"చచ్చిపోయాడు అత్తా."

"అదీ చెప్పాను" అంది ముసలామె. అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుని ఇటు తిరిగింది. "ఎవడే చంపింది?"

కోడలు పేరు చెప్పింది, హోదా చెప్పింది, మోకాళ్ళ సంగతి కూడా చెప్పింది. అత్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళకి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే మనిషిని తిట్టారు. అత్తకి అన్ని తిట్లు వచ్చని కోడలికి ఆ రోజే తెలిసింది.