నాలుగో నంబరు అంజూర

"ఆ ఎండిన కట్టెను తీసి పారెయ్ రాజ్యం. ఎల్లుండి వచ్చేటోళ్ళకు ముందు అదే కండ్లబడ్తది," అన్నాడు ఉదయ్ భాస్కర్, గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచే పెరటి వైపు చూస్తూ.

రాజ్యశ్రీ అప్పుడు వంటింట్లో చింతపండు పిసుకుతోంది. ఎండిన కట్టె అంటే ఏదో ఆమెకు తెలుసు. తొమ్మిదో నంబరు. కిందటి నెల తనే కొమ్మలు కత్తిరించింది, ఉన్న నాలుగాకులూ చలికి రాలాయి, ఇప్పుడు బూడిదరంగు మోడులా నిలబడి నిద్రపోతోంది. కత్తిరించిన అంజూర ఏటా చేసే పనే అది. గోరుతో బెరడు కాస్త గీకితే లోపల పచ్చగా కనపడుతుంది. ఆ మాట చెప్పబోయి ఊరుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనగారి గోరు దేన్నీ గీకి చూసిన పాపాన పోలేదు, రిటైరయ్యే రెండు రోజుల ముందు కొత్తగా మొదలుపెడతాడా.

అసలు పాల్వంచలో ఈ కరెంటు ప్లాంటు క్వార్టర్‌లోకి అంజూర అడుగుపెట్టిందే ఆయన మలబద్ధకం పుణ్యాన. పన్నెండేళ్ళ కిందట డాక్టరు రోజుకు రెండు ఎండు అంజూరలు నానబెట్టి తినమన్నాడు. నానబెట్టడం ఈమె పని, తినడం ఆయన పని. గిన్నె అడుగున మిగిలిన గింజల్ని పారబోయడానికి మనసొప్పక రాజ్యశ్రీ కుండీలో చల్లింది. ఐదు మొలిచాయి. ఎప్పుడో డిగ్రీలో వృక్షశాస్త్రం చదివిన అమ్మాయి ఒకతె లోపల ఇంకా చావకుండా ఉన్నట్టుంది, ఐదింటికీ ఒకటి నుంచి నంబర్లు వేసింది. నాలుగోది తప్ప మిగతావన్నీ ఆ ఎండాకాలమే పోయాయి.

ఆ తర్వాత పిచ్చి పట్టుకుంది. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకు వెళ్ళినా ఆమె కళ్ళు ముందు ఆ ఇంటి పెరట్లోకి పోయేవి. ఖమ్మంలో మూతబడ్డ రైసుమిల్లు గోడ పక్కన ఒకటి, తిరుమలాయపాలెంలో ఒక పంతులుగారి బావి దగ్గర ఒకటి. ఇది ఏ రకం అని అడిగితే ఎవరికీ తెలియదు, "అంజూర" అనేవాళ్ళు, అంతే. జానెడు కొమ్మ అడిగి, తడిగుడ్డలో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వచ్చేది. కూల్‌డ్రింకు డబ్బాల రేకు కత్తిరించి, మేకుతో నంబరు గీసి, తీగతో కొమ్మకు కట్టేది. ఒక నోటుబుక్కు పెట్టింది. ఆకుకు చీలికలెన్ని, కాయ అడుగున కన్ను తెరిచి ఉందా మూసి ఉందా, కోస్తే లోపల ఎరుపా తేనెరంగా, పండాక మెడ వాలుస్తుందా లేదా, అన్నీ అందులో రాసేది. ఆఖరి గడిలో "పేరు" అని ఉండేది. ఆ గడి మాత్రం ఎప్పుడూ ఖాళీయే. ఫోనులో ఎవరెవరికో ఫొటోలు పంపింది, ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఏదీ పూర్తిగా కలవలేదు. ఒకసారి ఆరో నంబరూ పదకొండో నంబరూ నిజానికి ఒకే చెట్టు బిడ్డలని మూడు కాపులు పోల్చి చూసి కనిపెట్టింది. ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె పగిలేంత సంతోషం. మొగుడికి చెప్పింది. "అయితే ఒకటి పీకెయ్, జాగా కలిసొస్తది," అన్నాడాయన, పేపరు మడత పెట్టకుండానే.

అత్త సుశీలమ్మ వైరా నుంచి వచ్చినప్పుడల్లా ఆ కుండీల మీద కత్తికట్టేది. "మేడి జాతి చెట్టు ఇంటి ఆవరణలో ఉండొద్దే, వంశానికి మంచిది గాదు," అనేది. కోసినప్పుడు కారే పాలు తగిలి రాజ్యశ్రీ వేళ్ళు దద్దుర్లెక్కి పొట్టు రేగేవి. ఒకసారి మరిది జయప్రకాశ్ కుటుంబమంతా భోజనానికి కూచున్నప్పుడు, ఆమె అన్నం హస్తం ఎత్తగానే ఉదయ్ భాస్కర్ మొహం ముడుచుకుని, "ఆ చేతులతో వడ్డించకు, తినబుద్ధి గాదు," అన్నాడు. ఆ చేతులే వండాయని ఆయనకు తట్టలేదు. అందరి ముందూ అన్నం హస్తాన్ని తోటికోడలి చేతికిచ్చి రాజ్యశ్రీ పక్కకు తప్పుకుంది. ఆ రోజు తిన్నవాళ్ళు ఒక్కరూ ఒక్క ముద్ద తక్కువ తినలేదు.

తొమ్మిదో నంబరు భీమక్కది. భద్రాచలం దారిలో అడవి అంచున వాళ్ళ గూడెం. వారానికోసారి కాలనీకి చింతపండూ కుంకుడుకాయలూ తెచ్చి అమ్ముకుంటుంది. ఆమె పాక వెనక ఎవరు నాటారో తెలియని అంజూర ఉండేది, మేకలకు ఆకూ పిల్లలకు పండూ పెట్టేది. రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని కొట్టేసినప్పుడు, "నువ్వు పెంచుతవు గదా రాజ్యక్కా," అని రెండు కొమ్మలు తెచ్చి ఇచ్చింది. ఒకటి బతికింది. చిన్న పండు, పైకి ఆకుపచ్చే, చూస్తే పచ్చికాయేమో అనుకుంటారు. కోస్తే లోపల తేనె. అడుగున కంట్లో ఒక చుక్క నిలుస్తుంది, ఆ చుక్క నిలిచిన పూటే కోయాలి, పూట దాటితే చీమల పాలు. అలాంటి పండు రాజ్యశ్రీ మరెక్కడా తినలేదు. ఏ జాబితాలోనూ దాని పోలిక దొరకలేదు.

నాలుగో నంబరు సంగతి వేరు. అది పెరటి మధ్యలో గొడుగు పట్టినట్టు పెరిగింది, చలిలోనూ రాలని చేయి వెడల్పు ఆకులు, కొమ్మ కొమ్మకూ గుత్తులుగా కాయ. చూసినవాళ్ళు నోరు తెరవాల్సిందే. కానీ ఒక్క కాయా పండదు. బొటనవేలంత అయ్యాక పసుపు తిరిగి, లోపల బెండులా ఎండి, టపటపా రాలిపోతుంది. ఎండు అంజూర గింజలోంచి వచ్చిన చెట్టు చాలాసార్లు అంతే, దాని కాయ పండాలంటే దూరదేశాల్లో ఉండే ఒక చిన్న పురుగు కావాలి, అది మన దగ్గర లేదు. రెండేళ్ళు కొట్లాడి రాజ్యశ్రీ ఆ విషయం తెలుసుకుంది, నోటుబుక్కులో రాసుకుంది. నీడకు పనికొస్తుందిలే అని ఉంచింది. రాలిన కాయల్ని రోజూ ఆయన లేవకముందే చీపురుతో ఊడ్చి గంపకెత్తేది. ఊడ్చేసిన చెత్త ఎవరికి కనపడుతుంది? పొద్దున ఎనిమిదింటికి తొమ్మిదో నంబరు పండ్లు ప్లేటులో కోసి పెడితే ఉదయ్ భాస్కర్ తిని, మూతి తుడుచుకుని, డ్యూటీకి పోయేవాడు. అవి ఏ చెట్టువని పదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. పెద్ద చెట్టువే అనుకున్నాడు. ఆయన లెక్కలో పెద్దది తప్ప ఇంకేదీ కాయదు.

ఎండిన కట్టెను పారెయ్యమన్న ఆ సాయంత్రమే ఆయన ఇత్తడి బోర్డొకటి చేయించుకుని వచ్చాడు. మీద పెద్ద అక్షరాలతో "వెంకటప్పయ్య అంజూర", కింద చిన్న అక్షరాలతో "పెంచినవారు: ఇంజనీర్ ఉదయ్ భాస్కర్" అని ఉంది. పన్నెండేళ్ళ ఖాళీ గడిని ఆయన గంటలో నింపేశాడు, అదీ చచ్చిపోయిన తండ్రి పేరుతో. రిటైర్మెంటు విందుకు కాలనీ పెద్దలంతా వస్తారు, వాళ్ళ ముందు చెట్టుకు నామకరణం చేస్తాడట. క్వార్టర్ ఖాళీ చేశాక లారీలో ఈ ఒక్క చెట్టే వైరా ఇంటికి వస్తుందట. మిగతా పిచ్చి కుండీలన్నీ పారెయ్యాలట.

రాజ్యశ్రీకి మొదటి భయం తొమ్మిదోదాని గురించే. అయినా ధర్మం ధర్మమే కదా అని నోరు తెరిచింది.

"ఏమండీ, ఆ నాలుగో నంబరు..."

"నంబర్లు, నంబర్లు. జైల్లో ఖైదీలా ఏంది నంబర్లెయ్యడానికి? ఇగ పేరుంది దానికి."

మర్నాడు జయప్రకాశ్ ముందుగానే దిగాడు. వైరాలో తన కంచె పొడుగునా నాటుకుంటానని నాలుగో నంబరుకు నలభై కొమ్మలు నరికించి గోనెసంచిలో కట్టించాడు. రాజ్యశ్రీ మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ, "జయప్రకాశ్, అవి నాటకు, దాని కాయ..." అంది.

"వదినా, నీకు తెల్వదు. అన్న చెప్పిండుగా," అని అతను గ్లాసు ఖాళీ చేసి తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

విందు రోజు పెరట్లో కుర్చీలు వేశారు. చీఫ్ ఇంజనీరు ఆదినారాయణ రిబ్బను కత్తిరించాడు. ఉదయ్ భాస్కర్ మైకు పట్టుకుని, షిఫ్టుల మధ్య తాను ఈ చెట్టును కన్నబిడ్డలా ఎట్లా సాకిందీ, దాని పండు రుచి పదేళ్ళుగా తన నాలుక మీద ఎట్లా ఉందీ పది నిమిషాలు చెప్పాడు. నీళ్ళ పైపు ఏ మూల ఉందో తెలియని మనిషి. "మా మిసెస్ కూడా హెల్ప్ చేస్తుంటది, ఆమెకదో టైంపాస్," అని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆదినారాయణ మర్యాదగానే రాజ్యశ్రీ వైపు తిరిగి, "పండ్లు ఎప్పుడొస్తాయమ్మా?" అని అడిగాడు.

ఆమె బతుకులో ఆ తోట గురించి ఒక పెద్దమనిషి ఆమెనడిగిన మొదటి ప్రశ్న అది. "సార్, ఆ చెట్టు కాయ పండదు, ఎందుకంటే..." అని మొదలుపెట్టింది.

"రాజ్యం, ముందు అందరికీ టీ తీసుకురా," అన్నాడు ఉదయ్ భాస్కర్ మైకులోనే. కుర్చీలన్నీ నవ్వాయి. ఆదినారాయణ కూడా నవ్వాడు.

రాజ్యశ్రీ వంటింట్లోకి పోయి నలభై మందికి టీ పెట్టింది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడింది. మూడుసార్లు చెప్పింది. చెప్పాల్సిన బాకీ ఇక ఎవరికీ లేదనుకుంది, అనుకోగానే భుజాల మీంచి బిందె దించినట్టు తేలికైంది. వీళ్ళకు పెద్దగా కనపడేదే కావాలి, వీళ్ళకు అదే దక్కనీ. టీలో చక్కెర సరిపోయిందో లేదో కూడా చూడలేదు.

మంగళవారం భీమక్క వచ్చింది. పెరట్లోకి వస్తూనే మోడును చూసి, ఏమీ అడక్కుండా, వంగి గోరుతో బెరడు గీకింది.

"పచ్చగనే ఉంది గద. సారేమో సచ్చిందంటుండు."

"పారెయ్యమన్నాడు," అంది రాజ్యశ్రీ. "అందుకే నీకిస్తున్నా. మీ చెట్టే, మీ ఇంటికే తోలుకపో. తక్కిన నంబర్లు కూడా."

"నువ్వు చెప్పలేదా అక్కా, ఇది బతికే ఉందని?"

"ఎవరూ అడగలేదు."

ట్రాలీ ఆటోలో కుండీలన్నీ ఎక్కాయి. ఉదయ్ భాస్కర్ వరండాలో నిలబడి, చెత్త పోతున్నదని సంతోషపడ్డాడు.

వైరా ఇంటికి మారాక రాజ్యశ్రీ నెలకోసారి భద్రాచలం గుడికి పోతానని చెప్పి బస్సెక్కేది. దేవుడి పేరు చెప్పిన ఆడదాన్ని ఎందుకు పోతున్నావని ఏ మొగుడూ అడగడు. దర్శనం చేసుకున్నా చేసుకోకపోయినా గూడెంలో మాత్రం దిగేది. మట్టిలో పడ్డ తొమ్మిదో నంబరు నాలుగు నెలల్లో కొత్త కొమ్మలు తొడిగి కాపుకొచ్చింది. గూడెంలో ఆరిళ్ళవాళ్ళు కొమ్మలు తీసుకుపోయి నాటుకున్నారట. "రాజ్యమ్మ చెట్టు అంటున్నరు దాన్ని," అంది భీమక్క, మామూలు మాటలానే. ఆ పేరును రాజ్యశ్రీ నోటుబుక్కులో రాయలేదు. రాసి పెడితే ఎవడో ఒకడు బోర్డు కొట్టిస్తాడు.

వైరా పెరట్లో మధ్యన ఇత్తడి బోర్డుతో వెంకటప్పయ్య అంజూర నిలబడింది. రాజ్యశ్రీ ఇల్లంతా ఊడ్చేది, వాకిలి ఊడ్చేది, ఆ చెట్టు కింద మాత్రం చీపురు పెట్టేది కాదు. తనకు తాను చెప్పుకున్న ఒకే ఒక్క నియమం అది. ఆషాఢం వచ్చేసరికి చెట్టు కింద కాలు పెట్టే చోటు లేకుండా ఎండు కాయలు పరుచుకున్నాయి. ఈగలు ముసురుతున్నాయి. జయప్రకాశ్ కంచె పొడుగునా నలభై మొక్కలు బలంగా లేచాయి, వాటి కింద కూడా ఇదే వరస.

ఆ రోజు ఆమె భద్రాచలం నుంచి వచ్చేసరికి ముగ్గురూ పెరట్లో నిలబడి ఉన్నారు. "మా ఆయన పేరు పెట్టిన చెట్టు గిట్ల రాలుడేందిరా," అంటోంది సుశీలమ్మ. జయప్రకాశ్ ఒక కాయ చీల్చి, లోపలి బెండును వాసన చూసి పారేశాడు. ఉదయ్ భాస్కర్ వంగి ఇంకో కాయ తీసి, దాన్ని అటూ ఇటూ తిప్పి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆమె మొహంలోకి చూస్తూ అడిగాడు.

"ఏంది రాజ్యం ఇది? నువ్వు చదువుకున్నవు గదా, నీకేమన్నా తెలుసా?"

పన్నెండేళ్ళు ఆ ప్రశ్న కోసమే ఆమె ఎదురు చూసింది. ఇప్పుడది చేతికందింది, అది కూడా రాలిన కాయే.

"నాకేం తెలుసండీ," అంది. "టీ పెడతా."

వంటింట్లోకి వచ్చి సంచిలోంచి ప్రసాదం కవరు తీసింది. లోపల నాలుగు ఆకుపచ్చ పండ్లు, అడుగున ఒక్కో తేనెచుక్కతో. కిటికీలోంచి ముగ్గురినీ చూస్తూ, నిలబడే, ఒకటి తర్వాత ఒకటి నాలుగూ తింది. వేళ్ళకు జిగురంటింది. కడుక్కోకుండా ఆ చేతులతోనే వాళ్ళకు టీ పెట్టింది.