తెల్ల చొక్కా మీద పసుపు కొమ్ము

నేను ఒక పసుపు కొమ్మును. ఇప్పుడు నన్ను చూస్తే ఎవరూ నమ్మరు గానీ, ఒకప్పుడు దుగ్గిరాల పక్కన ఒక నల్లరేగడి చేలో, చిటికెన వేలంత ఒంటితో మట్టి కప్పుకుని హాయిగా పడుకునేదాన్ని. ఆకులు ఎండి వాలిపోయాక నన్ను తవ్వి తీశారు. ఉడకబెట్టారు, రోజుల తరబడి ఎండబెట్టారు, ఆఖరికి డ్రమ్ములో వేసి గిరగిరా తిప్పి నునుపు చేశారు. ఎవరినైనా మెరుగుపరచాలంటే మనుషులకు ఈ ఒక్క దారే తెలుసు.

మార్కెట్ యార్డులో బేరగాళ్లు మాలో కొన్నింటిని చటుక్కున విరిచి, లోపలి రంగు చూసి తలలాడించారు. దాంతో మా పరీక్షలు అయిపోయాయనుకున్నాను. మమ్మల్ని కొన్న కంపెనీవాళ్లకు మాత్రం కళ్ల మీద నమ్మకం లేదు. మచ్చుకని గుప్పెడు కొమ్ముల్ని తమ ల్యాబుకు పంపారు. అందులో నేనూ ఉన్నాను. అక్కడ తెల్లకోటు వేసుకున్న హైమ అనే అమ్మాయి నా పక్కనున్న కొమ్ముల్ని పొడి చేసి, గాజు సీసాలో కరిగించి, ఏదో యంత్రంలో చూసి, "కర్కుమిన్ బాగానే ఉంది" అంది.

ఆ మాట వినడం నాకదే మొదటిసారి. కర్కుమిన్ అంటే నాకు పసుపు రంగునిచ్చే పదార్థం. నా ఒంట్లో అది ఉండేది చిటికెడే. మిగిలిందంతా పిండీ, పీచూ, కాస్త వాసనా. అయినా ఈమధ్య మాత్రల డబ్బాల మీద దాని పేరే పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. పసుపునే ఇంగ్లీషులో కర్కుమిన్ అంటారనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లో ఒకడికి సర్కారు ఉద్యోగం వస్తే వీధి వీధంతా ఆ ఇంటిని వాడి పేరుతోనే పిలవడం లాంటిదే ఇది. పోనీ ఆ పేరైనా సొంతమా అంటే, అరబ్బులు ఎప్పుడో కుంకుమపువ్వును పిలుచుకున్న మాట ఊళ్లన్నీ తిరిగి నాకు అంటుకుందట.

మచ్చులో మిగిలిన కొమ్ముల్ని హైమ అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఆ వారంలోనే ఆమె నిశ్చితార్థం. తల్లి కోటేశ్వరమ్మ నన్ను రోట్లో దంచి, జల్లెడ పట్టి, డబ్బాలో పోసింది. పెళ్లికొడుకు శ్రీధర్ నచ్చాడని హైమ ఎవరితోనూ అనలేదు. కానీ మూత పెట్టేటప్పుడు డబ్బాలోకి చూసి నవ్వుకుంది. నన్ను చూసి నవ్వేంత విశేషం నాలో లేదని నాకు తెలుసు.

నిశ్చితార్థం రోజు పెళ్లికొడుకువాళ్లు పొద్దున్నే దిగారు. గుమ్మంలో దిష్టి తీయబోతుంటే శ్రీధర్ తల్లి సామ్రాజ్యమ్మ పళ్లెం అందుకుంది.

"మావాడి దిష్టి నేను తీస్తేనే పోయిద్ది. ఇటివ్వండి."

నీళ్లలో నన్ను వేసి, సున్నం వేసి కలిపింది. నేను ఎర్రగా మారాను. ఆ ఎరుపు చూసి మురిసిపోతూ కొడుకు చుట్టూ తిప్పింది.

తాంబూలాల ముహూర్తానికి ఇంకా వేళ ఉంది. ఈలోగా ఫలహారాలు పెట్టారు. డబ్బాలో మిగిలిన నేను పులిహోరలో ఉన్నాను. హైమ బాబాయి మర్యాద ఎక్కువై, వద్దు వద్దంటున్న శ్రీధర్‌కు గరిటెడు వడ్డించబోయి, అతని తెల్ల చొక్కా మీద ఒలకబోశాడు.

కోటేశ్వరమ్మ అల్లుడికి తన భర్త చొక్కా ఇచ్చి, మరక చొక్కాను పెరట్లోకి తీసుకెళ్లి బట్టల సబ్బుతో రుద్దింది. నేను ఎర్రబడ్డాను. ఆమె గాభరాపడి ఇంకా రుద్దింది. నేను ఇంకా ఎర్రబడ్డాను.

"అదేంది వదినా, నెత్తుటి మరకలాగా?" వెనక నుంచి సామ్రాజ్యమ్మ గొంతు.

"పులిహోరే వదినా."

"పులిహోర ఎర్రగుంటదా? తాంబూలాలు కాకముందే పిల్లోడి గుండెల మీద ఎర్రమరక. నాకు మనసొప్పట్లా. ఇయ్యాల్టికి ఆపేద్దాం."

ఇవాళ ఆగిన తాంబూలాలు మళ్లీ కదలడం ఎంత కష్టమో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో నిమ్మచెక్క పట్టుకుని హైమ పెరట్లోకి వచ్చింది.

"అత్తయ్యగారూ, అది కర్కుమిన్ అండీ."

"అదేం రోగమమ్మా?"

"రోగం కాదండీ. పసుపులో ఉండే రంగు."

"పసుపుకి ఒక పేరుందిగా. దాంట్లో రంగుకి మళ్లీ బారసాలెందుకు?"

"పొద్దున మీరు కలిపిన దిష్టినీళ్లలో ఎర్రబడింది కూడా ఇదేనండీ. సున్నం తగిలినా, సబ్బు తగిలినా దీనికి ఒకటే."

హైమ నిమ్మచెక్క పిండింది. రసం తగలగానే నేను బుద్ధిగా మళ్లీ పసుపు రంగుకొచ్చాను.

సామ్రాజ్యమ్మ చొక్కాను వెలుతురుకేసి పట్టి అటూ ఇటూ తిప్పింది. పళ్లెంలో ఉన్నప్పుడు నేను శుభం. చొక్కా మీదికి ఎక్కితే అపశకునం. మధ్యలో నేను చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మామగారి వదులు చొక్కాలో నిలబడ్డ శ్రీధర్ మెల్లగా అన్నాడు. "ప్రతి పేరంటంలోనూ ఆ ఎర్రనీళ్లు నువ్వు కలిపేవేగా అమ్మా."

"నాకు తెలవదంట్రా? పిల్ల ఏం చెప్పుద్దోనని చూశా." ఆమె చొక్కాను హైమ చేతిలో పెట్టింది. "ముహూర్తం దాటిపోతంది వదినా. తాంబూలాలు తెప్పించు."

శ్రీధర్ ఆ వదులు చొక్కాతోనే తాంబూలాలు అందుకుని, దాంతోనే ఊరికి వెళ్లిపోయాడు. నేనున్న చొక్కా ఇక్కడే ఉండిపోయింది.

నిమ్మకాయ నా రంగు మార్చిందే గానీ నన్ను వదిలించలేదు. ఆ పని ఎండది. హైమ రోజూ చొక్కాను దండెం మీద ఆరేస్తోంది. నేను రోజురోజుకీ పలచబడ్డాను. బాధేమీ లేదు. నూనెలో వేగీ, పులుసులో ఉడికీ పోయేవాళ్లతో పోలిస్తే, ఎండ కాగుతూ పోవడం సుఖమే.

రోజూ సాయంత్రం శ్రీధర్ ఫోన్ చేసి, మరక పోయిందా అని అడుగుతాడు. ఒక్క చొక్కా గురించి అంతసేపు మాట్లాడవచ్చని నేను అనుకోలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఎండకు నాలో మిగిలిన కాస్తా పోయింది. ఎంత వెతికినా జాడ లేదు. సాయంత్రం ఫోన్ మోగింది. హైమ తెల్లటి చొక్కాను ఒళ్లో వేసుకుని, నేను ఉండాల్సిన చోట వేలితో రాస్తూ అంది.

"ఇంకా కొంచెం ఉందండీ."

"తొందరేం లేదులెండి" అన్నాడతను.