అల్లుడుగారు తెచ్చిన పెట్టె

మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ సార్ అనకూడదు. యజమానిని పెద్దనాన్న అనాలి, ఆయన అల్లుణ్ణి బావగారు అనాలి. మిగతావాళ్ళం అన్నలం, అక్కలం, తమ్ముళ్ళం. మనమంతా ఒకే కుటుంబం అని ఉద్యోగంలో చేరిన రోజే పెద్దనాన్న భుజం తట్టి చెబుతాడు. జనం నోళ్ళు నొక్కడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు. సార్‌తో వాదిస్తే అది పని. బావగారితో వాదిస్తే అది పొగరు.

డయాలసిస్ కేంద్రాల వెబ్‌సైటు నడపడం మా పని. రోగులు తమ వంతు కుర్చీని ముందురోజు ఉదయం సైట్లో ఖరారు చేసుకోవాలి. చేసుకోకపోతే గడువు దాటగానే అది వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు వెళ్ళిపోతుంది. నాతో ఉండే మా పిన్ని కూడా అలా వంతు చూసుకునే మనిషే. ఒక్క వంతు తప్పితే చాలు, కాళ్ళు వాచిపోతాయి, పడుకుంటే ఊపిరాడదు. సర్వర్లు చూసేది నేను. కాబట్టి ఆ సైటు పడిపోవడమంటే ఏమిటో నాకు ఇంట్లో కూడా తెలుసు.

పొద్దున్నే అందరూ ఒక్కసారిగా మీద పడేసరికి సైటు మొరాయిస్తోందని లోడ్ బ్యాలెన్సర్ కొనాలనుకున్నారు. వచ్చే జనాన్ని సర్వర్లన్నిటికీ పంచే పెట్టె అది. ఎంచే పని నాకే అప్పజెప్పారు. రెండు రకాలు తెప్పించి మా సర్వర్ల మీదే పెట్టి చూశాను. మొదటి దానికి సర్వర్ ఉన్నానని పలికితే చాలు, బాగున్నట్టే. రెండోది అంత తేలిగ్గా నమ్మదు. మధ్యమధ్యలో ఒక ఉత్తుత్తి బుకింగ్ చేయించి, చెయ్యలేని సర్వర్‌ను పక్కన పెట్టేస్తుంది.

పరీక్ష కోసం ఒక సర్వర్‌కు, బుకింగులన్నీ దాచుకునే డేటాబేస్‌తో సంబంధం తెంపేశాను. అది బుకింగ్ చెయ్యలేక, వచ్చినవాళ్ళందరికీ కాదని చెప్పి క్షణంలో చేతులు దులిపేసుకుంది. దాని చేతులు ఖాళీగా కనిపించేసరికి మొదటి పెట్టె ఇంకా ఇంకా జనాన్ని అక్కడికే పంపింది. నిక్షేపంలా ఉన్న సర్వర్లు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాయి. పని ఎగ్గొట్టేవాడే తీరికగా ఉన్నాడనుకుని అన్నీ అప్పగించే పెట్టె అది.

బావగారు అప్పటికే ఆ మొదటి పెట్టెనే కొంటామని మాట ఇచ్చేశాడు. అమ్మేవాడు అతని చిన్ననాటి స్నేహితుడు. మీటింగ్‌లో తెర మీద రంగురంగుల గీతలు చూపించి, ఎంత అందంగా ఉందో చూడమన్నాడు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. నేను పరీక్షలో జరిగింది చెప్పి, ఈ పెట్టె పెడితే ఏదో ఒకరోజు రోగులు కుర్చీలు పోగొట్టుకుంటారన్నాను. బావగారి మొహం మాడిపోయింది. పెద్దనాన్న నవ్వేసి, మా అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ చెప్పి, నిర్ణయం ఏకగ్రీవమని రాయించాడు. మన ఇంట్లో ఏ నిర్ణయమైనా ఏకగ్రీవమేనట. నేను చెయ్యి ఎత్తలేదు. నా చెయ్యి కూడా ఆయనే ఎత్తేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కొన్ని వారాలు పెట్టె బాగానే నడిచింది. నేను ఎదురుపడ్డప్పుడల్లా బావగారు కనుబొమలెగరేసేవాడు. తర్వాత ఒక ఉదయం ఒక సర్వర్ డేటాబేస్‌ను అందుకోలేక చతికిలపడింది. పెట్టె జనాన్నంతా తీసుకెళ్ళి దాని నెత్తినే పోసింది. నేను పసిగట్టి ఆ సర్వర్‌ను తప్పించేలోగా గడువు దాటిపోయింది. పిన్ని ఆ ఉదయమంతా బటన్ నొక్కుతూనే ఉందట. తన పాత ఫోనుదే తప్పనుకుంది. పనిలో ఉన్నదాన్ని కదిలించడం ఎందుకని నాకు చెప్పలేదు. మర్నాడు కేంద్రానికి వెళ్తే ఆమె కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఎవరైనా రాకపోతే పిలుస్తామని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. అప్పుడు గానీ పిన్ని నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పలేదు.

ఆ పొద్దున్నే కేంద్రం హెడ్ నర్సు మాకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టేముందు బావగారు నాకు పాఠం చెప్పాడు. ఒక సర్వర్ చెడింది, బాగుచేశాం, అంతే అనాలి. ముందు ఆ పెట్టె మార్చండని నేనన్నాను. పెద్దనాన్న నా వైపు వంగి, "ఇప్పుడు మారిస్తే అల్లుడి తప్పు ఒప్పుకున్నట్టే కదమ్మా. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ" అన్నాడు. ఆ ఇల్లు అన్న మాటకే నా ఒళ్ళు భగ్గుమంది.

కుర్చీలు పోయినవాళ్ళు బయట బెంచీ మీద తన కళ్ళెదుటే ఆయాసపడుతున్నారని నర్సు చెప్పింది. ఇంకెప్పుడూ ఇలా జరగదండీ అన్నాడు బావగారు, పుట్టిన దగ్గర్నుంచీ సర్వర్లే కడిగినవాడిలా.

"ఆ మాట సర్వర్లు చూసే అమ్మాయిని చెప్పమనండి" అందామె. "మళ్ళీ జరగదని వీళ్ళకు చెప్పమంటావా అమ్మా?"

పెద్దనాన్న నాకు తలూపి చూపించాడు, ఎలా ఊపాలో తెలియనిదానికి నేర్పుతున్నట్టు.

"జరుగుతుంది" అన్నాను.

బావగారు ఫోన్ కట్ చెయ్యబోయాడు. నేను దాన్ని నా ముందుకు లాక్కుని, పెట్టె ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో మొత్తం చెప్పేశాను. అది మారేదాకా మా సైటును నమ్ముకుని ఎవరి కుర్చీ తియ్యొద్దని, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగమని చెప్పాను. ఆమె సరేనంది. మా కంపెనీ వాళ్ళ మాట ఇక తాను నమ్మనని కూడా అంది.

ఫోన్ పెట్టేశాక పెద్దనాన్న గొంతు వణికించుకుంటూ, "కన్నకూతురిలా చూసుకున్నాను కదమ్మా నిన్ను" అన్నాడు.

"మీ కన్నకూతురే ఆ బెంచీ మీద కూర్చుని ఉంటే, ఆ పెట్టె ఈపాటికి వీధిలో ఉండేది" అన్నాను.

బావగారు నేల చూపులు చూస్తూ, రేపు మారిస్తే సరిపోతుందా అని అడిగాడు. ఇవాళే మార్చాలని చెప్పి, పిన్ని దగ్గరికి బయల్దేరాను.