తీర్థం పట్టని చెయ్యి

బకెట్లో వేసిన ప్లాస్టరు చుట్ట బుడగలు వదలడం మానేదాకా అసిరయ్య దాన్ని బయటికి తీయడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. అయినా బుడగలు ఎప్పుడు ఆగుతాయా అని ఇవాళ కూడా వంగి చూస్తున్నాడు. బల్ల మీద మణికట్టు విరిగిన ఆటో డ్రైవరు చెయ్యి చాపి కూర్చున్నాడు. బుడగలు ఆగాయి. అసిరయ్య చుట్టను తీసి, నీళ్లు పిండి, చంటిపిల్లాడికి స్వెట్టరు తొడిగినంత జాగ్రత్తగా ఆ మణికట్టుకి చుట్టడం మొదలుపెట్టాడు.

విజయనగరంలో రైల్వే గేటు అవతల ఉన్న యాభై పడకల ఆసుపత్రి అది. అందులో కట్లు కట్టే గది అసిరయ్యది. పొట్టి మనిషి. ముంజేతుల మీది వెంట్రుకలన్నీ ఏనాడో ప్లాస్టరుకి అంటుకుని ఊడిపోయాయి. గోళ్ల సందుల్లో తెల్లటి పొడి ఎంత తోమినా పోదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ కీళ్ల మీద ఆసక్తి మాత్రం ఆగలేదు. తలుపు బందు చూసినా, గొడుగు చూసినా, ఎక్కడ తిరుగుతోంది, ఎక్కడ ఆగుతోంది అని చూడందే అతనికి తోచదు. ఇంట్లో కోడికూర వండితే కాలి ముక్కను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటాడు. "తింతావా, పోస్టుమార్టం సేస్తావా? సల్లారిపోతన్నాది," అంటుంది అతని భార్య తాయారు.

భుజం నొప్పితో ఎవరొచ్చినా అతనిది ఒకటే మాట: "తీర్థం పట్టు." సాయిబులొస్తే "దువా సెయ్యి బాబూ" అంటాడు. ఏదైనా ఒకటే, చెయ్యి ముందుకు చాపి అరచెయ్యి ఆకాశం వైపు తిప్పాలి. నర్సులు అతన్ని చాటుగానూ, ముఖం మీదా కూడా పూజారి గారనే పిలుస్తారు. అతను నవ్వి ఊరుకుంటాడు.

ఆటో డ్రైవరు లేచాక ఒక యాభై ఏళ్ల ఆవిడ లోపలికొచ్చింది. వెనకే కూతురు. చీటీలో పేరు లక్ష్మణమ్మ. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. చేపల గంప నెత్తిన పెట్టుకుని విజయనగరం వీధుల్లో అమ్ముతుంది. క్యాజువాలిటీ డాక్టరు రేఖ చీటీ మీద రాసినదాన్ని నర్సు చదివి చెప్పింది: భుజం బెణికింది, ఎక్స్‌రే బాగుంది, చేతికి జోలె కట్టి పంపండి.

"ఎలా పడ్డావు సెల్లీ?" అన్నాడు అసిరయ్య, జోలెగుడ్డ మడత విప్పుతూ.

"ఆటో దిగతా జారిపోనాది. మొన్న," అని కూతురు తులసి గబగబా జవాబిచ్చింది.

లక్ష్మణమ్మ కుడిచెయ్యి పొట్టకు అతుక్కుని ఉంది. పడినవాళ్లు చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని వస్తారు. ఈవిడ పట్టుకోలేదు. పట్టుకోనక్కర్లేనట్టు అది తనంతట తనే బిగుసుకుని ఉంది. అసిరయ్య జోలెగుడ్డను ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏదీ, తీర్థం పట్టు."

ఆవిడ ప్రయత్నించింది. చెయ్యి జానెడు ముందుకొచ్చింది. అరచెయ్యి మాత్రం లోపలికే తిరిగి ఉంది. ఇంకాస్త బలం పెడితే ఒళ్లంతా పక్కకి ఒరిగింది గానీ చెయ్యి తిరగలేదు. అసిరయ్య ఎక్స్‌రే తీసుకుని కిటికీ వెలుతురుకి పెట్టాడు. భుజం ఎముక తల ఎప్పుడూ చేతికర్ర పిడిలా ఒక పక్కకి తిరిగి ఉంటుంది. ఇందులో అది బల్బులా గుండ్రంగా ఉంది. అలా ఎందుకుందో అని చాలాసేపు చూశాడు.

ఈలోగా తులసి టీ తెచ్చింది. తల్లి ఒక గుక్క తాగి ముఖం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేసింది. టీ మరీ వేడిగా లేదు.

"నాలిక కరుసుకున్నావేటి సెల్లీ?"

తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నాను పోలీసోణ్ణి కాదు. ఈ సెయ్యి ఎందుకు తిరగట్నేదో తెలిస్తే సాలు. సెప్పు."

లక్ష్మణమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మూర్స వచ్చినాది బావూ. మాత్తర్లు అయిపోనాయి, కొనుక్కోనేదు. ఎవులికీ సెప్పకు. ఆటోలో మావు పదిమందిమి కలిసొస్తాం. ఆల్లకి తెలిస్తే నన్నెక్కించుకోరు. దారిలో పడిపోతానని బయం."

అసిరయ్యకి బల్బు సంగతి అర్థమైంది.

అర్థమైన మాట వెళ్లి చెప్పాలి కదా, అక్కడే అతను ఆగిపోయాడు. ఇరవై రెండేళ్ల కిందట ఇదే గదిలో, తాయారు అన్న త్రినాథ్ ఇలాగే కూర్చున్నాడు. కరెంటు స్తంభం మీద షాకు కొట్టి, కిందపడకుండానే భుజం పట్టేసింది. అప్పటి డాక్టరు కండరం బెసికిందన్నాడు. చెయ్యి అలా బిగుసుకోవడం అసిరయ్యకి వింతగానే అనిపించింది. డాక్టరుగారికి తెలియదా అనుకుని నోరు మూసుకుని, తన చేత్తోనే జోలె కట్టాడు. ఆరు నెలల తర్వాత అందరూ కలిసి రామతీర్థం గుడికి వెళ్లారు. పూజారి పోసిన తీర్థం త్రినాథ్ చేతి అంచు మీద పడి కిందికి కారిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి త్రినాథ్ ఎడమచెయ్యి చాపాడు. "ఎడంచేత్తో తీర్థమేమిటయ్యా?" అని పూజారి కసిరాడు. వరుసలో వెనకే నిలబడ్డ అసిరయ్యకి ఆ క్షణంలో తెలిసింది, భుజంలో ఏం జరిగిందో. అప్పటికి కీలు గట్టిపడిపోయింది. త్రినాథ్ మళ్లీ స్తంభం ఎక్కలేదు. బావ చెయ్యి తనే పాడుచేశానని అసిరయ్య నమ్మాడు. ఆ బాధ ఏనాడూ తగ్గలేదు.

అసిరయ్య లేచి క్యాజువాలిటీలోకి వెళ్లాడు. డాక్టర్ రేఖ ఎవరికో నుదుటి మీద కుట్లు వేస్తోంది. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. వెనక ఇంకా పదిహేనుమంది కూర్చుని ఉన్నారు.

"జోలె కట్టేశావా అసిరయ్యా?"

"నేదమ్మా. ఆ సెయ్యి తీర్థం పట్టట్నేదు."

"నొప్పి ఉంటే ఎలా పడుతుంది? ఎక్స్‌రే చూశాను కదా, సరిగానే ఉంది."

"ముందునుంచి సూస్తే సరిగానే ఉంటాదమ్మా. ఎనక్కి ఎల్లిపోయిన కీలు ముందునుంచి కనిపించదు. సంకలోంచి ఇంకో ఫొటో తీయించండి. ఇలాగే ఒగ్గేస్తే నెల్లాళ్లకి గట్టిపడిపోతాది, ఇంక గంప ఎత్తనేదు. తప్పయితే నన్ను తిట్టండి." ఇంకో అడుగు ముందుకేసి, మరెవరికీ వినబడకుండా అన్నాడు. "పడనేదమ్మా. మూర్స వచ్చినాది."

రేఖ చేతిలో సూది ఆగింది. మూర్ఛ, కరెంటు షాకు, భుజం వెనక్కి జారడం. పరీక్షకి చదివి, రాసి, మరిచిపోయిన వాక్యం. జారిన భుజాలు వందొస్తే అందులో ఇలాంటివి రెండో మూడో ఉంటాయి. ఆ కుట్టు ముగించి చేతులు కడుక్కుని లేచింది.

వచ్చి లక్ష్మణమ్మ భుజాన్ని రేఖ ముందూ వెనకా తడిమింది. ముందు బోసిగా ఉంది. వెనక, ఉండకూడని చోట, గట్టిగా ఒక ఉండ తగిలింది. "తీర్థం పట్టండమ్మా," అంది రేఖ తనే. ఆవిడ పట్టలేకపోయింది. ఆ చెయ్యి ఎంతవరకు తిరుగుతోందో, ఎక్కడ ఆగిపోతోందో అని రేఖ వంగి చూస్తుంటే, తనలాంటి మనిషి ఇంకొకరు దొరికినట్టు అసిరయ్యకి సంబరంగా అనిపించింది.

చంకలోంచి తీసిన ఫొటోలో సంగతి చంటిపిల్లలకైనా తెలిసేలా ఉంది. ఎముక తల తను ఉండాల్సిన గిన్నె దాటి వెనక కూర్చుంది. ఎముకల డాక్టరు జగన్నాధం గారు వచ్చారు. మత్తిచ్చాక లక్ష్మణమ్మ చేతిని ఆయన మెల్లగా ముందుకు లాగుతుంటే రేఖ వెనకనుంచి ఎముకను నెట్టింది. ఒంటికి చుట్టిన దుప్పటిని అసిరయ్య అవతలివైపు నుంచి బిగించి పట్టాడు. రెండు నిమిషాలు. మూడు. తర్వాత లోపలెక్కడో టక్ మంది.

ఆ చప్పుడంటే అతనికి ప్రాణం. అది ఎముకదా, గిన్నెదా, మధ్యలో ఉన్న గాలిదా అని ముప్పై ఏళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాడు. జగన్నాధం గారిని అడిగితే "నీకెందుకయ్యా" అని నవ్వారు.

కట్టు కూడా మామూలు జోలె పనికిరాదు. చెయ్యిని పొట్టమీద పెడితే కీలు మళ్లీ వెనక్కి పోతుంది. నడుముకి పట్టీ, మోచేతికి ప్లాస్టరు వేసి, ఎదుటివాడితో చెయ్యి కలపబోతున్నట్టు ముంజేతిని ముందుకు నిలబెట్టాడు. మత్తు వదిలిన లక్ష్మణమ్మ ఆ చేతిని వింతగా చూసుకుంది.

"గంప ఎత్తగలనా బావూ?"

"నాలుగు వారాలు ఈ సెయ్యి కదపకు. తరవాత రెండు గంపలెత్తు. మాత్తర్లు మాత్రం మానకు."

వాళ్లు వెళ్లాక అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఎడమభుజం లాగుతోంది. నొప్పి దవడ దాకా పాకింది. చెమటకి చొక్కా తడిసింది. దుప్పటి పట్టి లాగినందుకే అనుకున్నాడు. అయినా ఊరుకునే మనిషా, ఎడమచెయ్యి ముందుకు చాపి అరచెయ్యి తిప్పాడు. చక్కగా తిరిగింది. పుడిసెడు తీర్థం నిలిచేంత బాగా తిరిగింది.

అటుగా వెళ్తూ రేఖ గుమ్మంలో ఆగింది. "ఏమైంది అసిరయ్యా, అలా ఉన్నావు?"

"ఏటీ నేదమ్మా. కీలు బాగానే ఉన్నాది."

ఆమె సరేనని వెళ్లింది. అతను రెండింటికి గది తాళం వేసి, షేర్ ఆటో ఎక్కి ఇంటికి పోయాడు.

మర్నాడు ప్లాస్టరు గది తెరవడానికి అసిరయ్య రాలేదు. తొమ్మిదింటికి కబురొచ్చింది. ఇంటికి వెళ్లి, భుజం నొప్పి అని నూనె రాయించుకుని పడుకున్నాడట. మళ్లీ లేవలేదు. గుండె.

రేఖ చూడడానికి వెళ్లింది. తాయారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఊరందరికీ శకునం సెప్పే బల్లి తాను కుడితిలో పడిపోనాది డాక్టరమ్మా," అని ఏడ్చింది. తల్లీకూతుళ్లు చెప్పిన మాటను అసిరయ్య నమ్మకుండా ఇంకో ప్రశ్న అడిగాడు. కీలు బాగానే ఉందని అతను చెప్పిన మాటను రేఖ నమ్మేసింది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే అన్న బాధ ఆమెను ఇంటిదాకా వదలలేదు.

నాలుగు వారాలకి లక్ష్మణమ్మ ఒక్కతే వచ్చింది. కొత్తగా చేరిన వెంకీ కట్టు విప్పాడు. చెయ్యి సన్నబడింది, కాస్త బిగుసుకుని ఉంది.

"పాతాయన ఏడీ?" అంది.

రేఖ చెప్పింది. లక్ష్మణమ్మ "ఓలమ్మో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత సంచిలోంచి ఎడమచేత్తో ఒక పొట్లం తీసి కుడి అరచేతిలో పెట్టుకుని, చెయ్యి మెల్లగా ముందుకు చాపింది. అరచెయ్యి పైకే తిరిగి ఉంది. రేఖ చూపు పొట్లం కంటే ముందు ఆ చేతి మీద పడింది.

"ఎండు నెత్తళ్లు. ఆయనకని తెచ్చినాను. ఇంకొకలికి ఇవ్వడానికి నాకు మనసొప్పదు, ఇక్కడే ఒగ్గేస్తాను," అని దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

దాన్ని తీయమని రేఖ చెప్పలేదు, వెంకీ తీయలేదు. వలదారంతో ముడివేసిన న్యూస్‌పేపరు పొట్లం సాయంత్రం దాకా ప్లాస్టరు పొడి మధ్య అలాగే ఉంది, దాని చుట్టూ బల్ల మీద ఉప్పుచెమ్మ సన్నగా అంచు కడుతోంది.