గీత పడని మనిషి

ఎండ. తెల్లటి ఎండ. చప్పుడు లేని ఎండ.

కంప్యూటర్ తెర మీద, కారు కెమెరా తీసిన ఒక రోడ్డు. ఇరుపక్కలా ఇసుక. కార్లు వస్తాయి, పోతాయి... మోత ఉండదు, హారన్ ఉండదు. కింది అంతస్తులో మరమగ్గాలు దడదడలాడుతుంటే, పైన ఆ మూగ రోడ్డు మీద దీప రోజంతా మనుషుల చుట్టూ గీతలు గీస్తుంది.

మనిషి — ఒక డబ్బా. సైకిలు — ఒక డబ్బా. అడ్డం వచ్చిన మేక — ఇంకో డబ్బా.

ఎక్కడో కార్లు తమంతట తాము నడవడం నేర్చుకుంటున్నాయి. ఏది స్తంభమో, ఎవరు మనిషో వాటికి ఎవరో ఒకరు చెప్పాలి. సిరిసిల్లలో కూర్చుని దీప చెబుతుంది.

ఏడాది కింద ఆమె కోరుట్లలో పంతులమ్మ. కప్ప గుండెను నల్లబల్ల మీద గీసిన చెయ్యి అది. బడి మూతపడింది. జగిత్యాలలో కంప్యూటర్ కోర్సులో చేరి, తను పాఠం చెప్పిన పిల్లల పక్కనే బెంచీ మీద కూర్చుంది. ఆ తర్వాత ఈ ఉద్యోగం. వారమంతా సిరిసిల్లలో హాస్టల్ గది. సెలవు దొరికితే కోరుట్ల.

ఏడాదిలో పని మారింది. చూపు కూడా మారింది.

బస్టాండులో నిలబడితే జనం చుట్టూ పసుపు గీతలు. అన్నం తింటున్న భర్త రవి చుట్టూ పసుపు గీత. కళ్ళు నులుముకుంటే పోయేది... మళ్ళీ వచ్చేది.

దానికి ఆమె అలవాటు పడింది.

అలవాటు పడనిది — తెర మీది ఒక మనిషికి.

మొదటి గీతలు యంత్రమే గీసి పంపుతుంది. అది వదిలేసినవాళ్ళను దీప పట్టుకోవాలి. వేసవిలో ఒకరోజు అది ఒక మనిషిని వదిలేసింది. రోడ్డు దాటుతున్నాడు. కూలీల నీలం చొక్కా, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ. దూరాన గోడ మీది పిల్లిని పట్టిన యంత్రం, పట్టపగలు ఎదురుగా నడుస్తున్న మనిషిని పట్టలేదు.

దీప గీసింది. పంపింది. మరిచిపోయింది.

కొన్నాళ్ళకు ఇంకో రోడ్డు. మళ్ళీ అతనే. మళ్ళీ గీత లేదు.

ఇంకో ఊరు. ఖర్జూరపు చెట్లు, ఇసుక గాలి. మళ్ళీ...

ముఖం తెలియదు. ఎవరి ముఖమూ తెలియదు. గుర్తుపట్టకుండా కంపెనీ ముందే మసక పూస్తుంది. కానీ నడకకు మసక ఎవరు పూస్తారు?

పక్క కుర్చీలోని ప్రణీతను అడిగింది.

"గీ మనిషిని నువ్వెప్పుడన్న జూసినవా?"

ప్రణీత తెర మీదికి వంగింది. "ఎవల్ని?"

చాలాసేపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "ఆఁ... ఉన్నడు. నాకు ఫస్ట్ కనవడనే లే."

చివరి వీడియోలో అతను రోడ్డు మధ్యలో ఆగాడు. తల ఇటు తిప్పాడు. కారు వైపు... దీప వైపు.

అక్కడితో వీడియో అయిపోయింది. కారు ఆగిందో లేదో అందులో లేదు.

దీప గీత గీయలేదు. పంపలేదు. అట్లాగే ఉంచుకుని కోరుట్ల బస్సెక్కింది.

రవికి ఒక అన్న, శ్రీహరి. దీప పెళ్ళికి ముందే గల్ఫ్‌కు పోయినవాడు. అక్కడి కంపెనీ మూసేశారని ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఫోన్ లేదు, మనిషి జాడ లేదు. ఏండ్లు గడిచాయి. అతని భార్య బాలమణి బొట్టు తీయలేదు, ఏడవనూ లేదు. వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతుంది.

"అక్కా... బావ ఎట్ల నడుస్తుండె?"

బాలమణి వేళ్ళు ఆగాయి.

"ఎడమ కాలు ఈడుస్తుండె. చిన్నప్పుడు ఎడ్లబండి మీదికెళ్ళి పడ్డడట. గదెందుకు అడుగుతున్నవ్?"

దీప చెప్పింది. అంతా చెప్పింది.

బాలమణి ఒడిలోని ఆకును దులిపి లేచింది. "నాకు సూపెట్టు."

ఆదివారం ఆఫీసులో జనం పలుచన. కింద మగ్గాలు ఆగలేదు. బాలమణి కుర్చీ అంచున కూర్చుంది. తెర మీద అతను నడిచాడు. ఆగాడు. తల తిప్పాడు.

"మల్లొక్కపారి నడిపియ్యి."

దీప నడిపించింది.

"మల్ల."

నడిపించింది. ఎన్నిసార్లో...

"బావనేనా, అక్కా?"

బాలమణి చూపు తెర మీదే ఉంది. "మస్తు ఎండున్నది గాడ. తలకు తువ్వాల సుత లేదు." తెర వైపు వేలు చూపి అడిగింది. "ఆ బండి ఆగుతదా?"

"తెల్వదక్కా. నేను గీత గీస్తే... మనిషి కనవడితే ఆగాల్నని బండ్లు నేర్చుకుంటయి."

"మరి గియ్యి."

"గీస్తే పంపాలె. పంపితే ఇది నా దగ్గర ఉండది. మల్ల కనవడడు."

దీప చెయ్యి మౌస్ మీద ఉంది. గీయకపోతే అతను ఏ బండికీ కనబడడు. గీస్తే వీళ్ళకు కనబడడు.

"జర ఆగు," అంది బాలమణి.

పైట కొంగు కొన నాలుకతో తడిపింది. తెర మీదికి వంగి, బడికి పోయే పిల్లవాడి మూతి తుడిచినట్టు, ఆ ముఖం మీది మసకను తుడవసాగింది.

మెల్లగా...

తుడుస్తూనే ఉంది.