ఏడు పిన్నుల బొమ్మ

నాకు ముక్కు మీద కోపం. గొప్పగా చెప్పుకోవడం లేదు, ఆ కోపం వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

పేటెంటు దరఖాస్తులకి బొమ్మలు గీయడం, కాగితాలు రాయడం, అధికారుల ముందు వాదించడం నా వృత్తి. అంతకు ముందు మోటార్ల కంపెనీలో పన్నెండేళ్లు డ్రాయింగులు గీశాను. ఇప్పుడు నా ఆఫీసంటే రెండో అంతస్తులో ఒక గది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు సరిగ్గా పడని బీరువా ఉంటాయి. కిందంతా జిరాక్సు మిషన్ల రొద. గీసిన బొమ్మని ట్రేసింగు కాగితం మీదకి ఎక్కించి, కిటికీ అద్దానికి అంటించి, వెలుతురులో సరిచూసుకోవడం నా పాత అలవాటు. కంప్యూటరు ముందు పెట్టుకుని ఇదేం చాదస్తమని చూసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

ఆవిడ ఒక మంగళవారం పొద్దున వచ్చింది. నలభై దాటి ఉంటాయి. వేళ్ల చివర్లు సోల్డరింగు వేడికి గట్టిపడి నల్లబడ్డాయి. కేబుళ్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపు నడుపుతున్నానని చెప్పి, సంచిలోంచి గుండ్రటి కనెక్టరు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. మోటారుకి వెళ్లే తీగల చివర బిగించేది.

"ఏడు పిన్నులు అన్నయ్యగారూ. బజార్లో దొరికేవాటికీ ఏడే. కాకపోతే నేను పెట్టిన చోట్లు వేరు."

"చోట్లు మారిస్తే పేటెంటు ఇవ్వరమ్మా. కుర్చీలు అటూ ఇటూ జరిపి కొత్త ఇల్లు కట్టానంటే ఎవరైనా ఒప్పుకుంటారా?"

"ఎందుకు జరిపానో విని ఆ మాట అనండి," అంది.

విన్నాను. కనెక్టరుని ముందు నుంచి చూసి గీస్తే ఒకలా ఉంటుంది. వెనక, అంటే తీగలు అతికే వైపు నుంచి చూసి గీస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఎటు నుంచి గీశారో తెలియని ఫిట్టరు ఏదో ఒకటి అనుకుని తీగలు అతుకుతాడు. పాత కనెక్టర్లో ఎర్తు పిన్ను ఎడమ చివర, కరెంటు పిన్ను కుడి చివర ఉంటాయి. బొమ్మని తిరగేసి చదివితే కరెంటు నేరుగా మోటారు ఒంటికి ఎక్కుతుంది.

"నేను ప్రాణాలు తీసే మూడు పిన్నుల్నీ నిలువుగా మధ్య గీత మీద పెట్టాను. ఎటు నుంచి చూసినా మధ్య మధ్యే కదా! పక్కన ఉన్న నాలుగూ సిగ్నళ్లవి. అవి తారుమారైతే మోటారు తిరగదు, అంతే. తిరగని మోటారు ఎవర్నీ చంపదు."

ఇరవై ఏళ్లుగా కనెక్టర్లు చూస్తున్నాను. అంత తేలికైన సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఎలా తట్టిందమ్మా అని అడిగాను.

"మా ఆయన పోయాక తట్టింది. ఫిట్టరుగా చేసేవారు. అందరూ నిదానం అని పిలిచేవారు."

కనెక్టరు మీద నుంచి చెయ్యి తీసేశాను.

నిదానాన్ని నేను బాగా ఎరుగుదును. పది నిమిషాల పనికి గంట పట్టేది. స్క్రూ బిగించే ముందు స్క్రూడ్రైవరు తుడిచేవాడు. కనెక్టరు కలిపే ముందు ఒక్కో పిన్ను మీదా 'ఫూ' అని ఊదేవాడు. వాడితో పని పడితే నా తల ప్రాణం తోకకి వచ్చేది.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకుని నా సీట్లో కూర్చున్నాను. ఫోను మోగింది. "సార్, కనెక్టరు బొమ్మ పంపారు కదా, ఇది ఎటు నుంచి చూసినట్టు?" అన్నాడు నిదానం. ఆ బొమ్మ నేనే గీశాను. గీశానంటే, కనెక్టరు అమ్మినవాళ్ల కాగితం చూసి ఎక్కించాను. వాళ్ల కాగితం మూలన చిన్న అక్షరాల్లో 'తీగల వైపు నుంచి' అని ఉంది. ఎక్కించేటప్పుడు ఆ ముక్క వదిలేశాను. మా డ్రాయింగు గదిలో ఏ వస్తువునైనా ముందు నుంచే గీస్తాం. అదెక్కడా రాసి ఉండదు, అందరికీ తెలిసిన రివాజు. గీసింది నేనే కాబట్టి నా బొమ్మ కూడా రివాజు ప్రకారమే ఉంటుందనుకున్నాను. "ముందు నుంచేనయ్యా! ఇంకెటు నుంచి చూస్తారు?" అని కసిరాను.

రెండున్నరకి నిదానం మోటారు ఆన్ చేశాడు. అదురు ఎలా ఉందో చూడ్డానికి ఫిట్టర్లందరూ చేసినట్టే దాని ఒంటి మీద అరచెయ్యి పెట్టాడు.

ఆ సాయంత్రం నేను ఫైల్లోంచి డ్రాయింగు తీసి, వదిలేసిన ముక్క మూలన చేర్చాను. 'తీగల వైపు నుంచి'. నాలుగు క్షణాల పని. విచారణకి కూర్చున్న పెద్దలు ఆ ముక్క చూసి, బొమ్మలో స్పష్టంగా ఉన్నా చదవలేదని, 'ఫిట్టరు తొందరపాటు' అని రాసి చేతులు దులుపుకున్నారు. నిదానం తొందరపడ్డాడట! వినగానే నాకు నవ్వొచ్చింది. భయానికి కూడా నవ్వొస్తుందని అప్పుడే తెలిసింది. నిదానానికి పంపిన కాపీ ఎవరూ వెతకలేదు, ఫోను సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆర్నెల్లకి ఉద్యోగం మానేశాను.

ఇప్పుడు ఆయన భార్య, నేనెవరో తెలియక, నా ఎదురుగా కూర్చుని అన్నయ్యగారూ అంటోంది. ఈ పని నేను చెయ్యనమ్మా, ఇంకెవరి దగ్గరికైనా వెళ్లు అని చెప్పాలి. కానీ ఒప్పుకున్నాను. ఆ పేటెంటు ఇప్పిస్తే నా బరువు దిగుతుందని ఆశపడ్డాను, అదీ నిజం.

బొమ్మలు మొదలుపెట్టాను. ఏడు సున్నాలు, మధ్య గీత, పైన గాడి. కాగితాన్ని కిటికీకి అంటించి చూస్తుంటే, దాన్ని అవతలి వైపు నుంచి ఇంకెవరో చూస్తున్నట్టు అనిపించింది. పట్టపగలు, పదకొండు గంటల వేళ. రెండో అంతస్తు కిటికీ బయట నిలబడ్డానికి చిన్న గట్టు కూడా లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. 'ఫూ' అని వినపడింది. కింద జిరాక్సు మిషను అయి ఉంటుంది. మూడో పిన్ను దగ్గర, అద్దానికి బయటి వైపు, నోరంత మేర ఆవిరి పట్టి ఉంది. చూస్తుండగానే కరిగిపోయింది. నేను ఆరోజు మరి పని చెయ్యలేదు.

తర్వాత రోజూ ఇదే తంతు. ఏ బొమ్మ మూలనైనా 'ముందు నుంచి' అని రాయబోతే చెయ్యి ఆగిపోయేది. వేరే కంపెనీ వాళ్ల కుళాయి బొమ్మకి కూడా ఆగిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను మోగితే డబ్బా మూత పెట్టేసేవాణ్ణి. భోజనం మెట్ల మీదకి మార్చుకున్నాను, అక్కడైతే ఫోను వినపడదు.

మా చట్టంలోనే ఒక దయ్యం ఉంది, చాలామందికి తెలియదు. పేటెంటు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు, 'ఈ రంగంలో సామాన్య నైపుణ్యం ఉన్న మనిషి'కి ఇది తేలిగ్గా తట్టేదేనా అని అడుగుతారు. అలాంటి మనిషి ఎక్కడా ఉండడు. వాడికి ఇల్లూ వాకిలీ ఉండవు, లోకంలోని కాగితాలన్నీ చదివేసి ఉంటాడు, ఒక్క కొత్త ఆలోచన మాత్రం రాదు. ఇన్నేళ్లూ వాణ్ణి మొహం లేనివాడిగా ఊహించుకుంటూ హాయిగా వాదించుకున్నాను. ఈ కేసుతో వాడికి మొహం వచ్చింది. నేను రాసే ప్రతి పేరాలోనూ వాడు స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ నిలబడేవాడు.

ఏడాది తర్వాత పేటెంటు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది, తిరస్కరిస్తామని. ఉన్న పిన్నుల చోట్లు మార్చడం సామాన్య నైపుణ్యం ఉన్న ఎవరైనా చేసేదే, దానివల్ల కొత్తగా ఒరిగిందేమిటో చూపలేదు అన్నారు. చివర్లో ఇంకో మాట ఉంది. దరఖాస్తుదారు జతపరిచిన విచారణ నివేదికలోని డ్రాయింగులోనే ఏ వైపు నుంచి గీశారో స్పష్టంగా రాసి ఉంది; ఒక్క ముక్క రాస్తే తీరే ఇబ్బందికి కొత్త కనెక్టరు అక్కర్లేదు.

ఆ నివేదికని ఆవిడే దాచుకుని, సాక్ష్యంగా పనికొస్తుందని పెట్టించింది. పెట్టొద్దని నేను చెప్పలేకపోయాను. ఎందుకు వద్దో చెప్పాలి కదా. నేను చేర్చిన ముక్క ఒకసారి ఆయన పరువు తీసింది, ఇప్పుడు ఆవిడ పేటెంటుకి అడ్డం పడింది.

ఉత్తరం చదివి వినిపిస్తే ఆవిడ బల్ల మీది నివేదిక తెరిచి డ్రాయింగు మూల చూసింది.

"ఉల్లిపాయలు కొనడానికి వెళ్తే పది ప్రశ్నలు వేసే మనిషండీ. ఆరోజు ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాలేదా? ఎదురుగా రాసి ఉన్నది కనపడలేదా?" అంది చివరికి. "పన్నెండేళ్లుగా ఆయన ఫొటోతో పోట్లాడుతూనే ఉన్నాను. ఏడవాల్సినప్పుడు కూడా తిట్టుకున్నాను. పోయినవాణ్ణి తిట్టుకుంటూ బతకడం ఎంత కష్టమో మీకు తెలియదు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. "పేటెంటు ఆఫీసులో విచారణ వచ్చే నెల తొమ్మిదిన," అన్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

తొమ్మిదో తారీఖున ఇద్దరం వెళ్లాం. పొడుగాటి గది, పొడుగాటి బల్ల. అధికారిణి చిన్న వయసుదే గానీ ఫైలు కంఠతా పట్టి వచ్చింది. నా వాదనలు మర్యాదగానే ఒక్కోటీ పక్కన పెట్టింది. తర్వాత నివేదిక తెరిచి, డ్రాయింగు మూలన వేలు పెట్టింది.

"ఇక్కడ రాసి ఉంది కదండీ. జాగ్రత్తపరుడైతే చదువుతాడు. అర్థం కాకపోతే అడుగుతాడు. అజాగ్రత్తకి పేటెంటు ఇవ్వలేం కదా?"

పక్కన ఆవిడ తల దించుకుంది. మొగుడి తప్పుని ఇంకోసారి నెత్తిన వేసుకున్నట్టు దించుకుంది. అది చూశాక నా వల్ల కాలేదు.

"ఆ ముక్క అప్పుడు లేదండీ," అన్నాను. "ఆయన పోయాక చేర్చారు."

"ఎవరు?"

"నేను."

మీరు ఆవిడ తరఫున వాదించేవాళ్లు, సాక్షి కాదు అంది అధికారిణి. ఇవాళ సాక్షినే అన్నాను. బొమ్మ నేనే గీశానని, ఏ వైపు నుంచో రాయడం మర్చిపోయానని, తర్వాత దొంగతనంగా రాశానని చెప్పాను. అక్కడితో ఆపేయొచ్చు. కేసుకి అది చాలు. నా కుర్చీ వెనకాల ఎవరో నిలబడి, తొందరేం లేదన్నట్టు ఓపిగ్గా ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

"ఆయన అడిగాడు," అన్నాను. "నాకు ఫోన్ చేసి ఎటు నుంచి చూసినట్టు అని అడిగాడు. ముందు నుంచి అని తప్పు చెప్పాను. మేడమ్, మీ సామాన్య నైపుణ్యం ఉన్న మనిషిని నేనే. పన్నెండేళ్లు అదే పని చేశాను. నా చేత్తో గీసిన బొమ్మ ఎటు నుంచో నాకే తెలియలేదు. ఆయనకన్నా జాగ్రత్తపరుడు ఇంకొకడు ఉండడు. జాగ్రత్తతో తీరే ఇబ్బంది అయితే ఆయన బతికేవాడు."

అధికారిణి కలం కింద పెట్టింది. కాసేపటికి మళ్లీ తీసింది. ఇదంతా ప్రమాణం చేసి రాసివ్వాలని, అలా ఇస్తే తన అభ్యంతరం నిలవదని, నా సంగతి మాత్రం వేరేగా చూడాల్సి వస్తుందని చెప్పింది. చూడండి అన్నాను.

బయట వరండాలో చెక్క బెంచీ ఉంది. దాని మీద కూర్చుని కాగితం ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ కూర్చోలేదు. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"అడిగారా?" అంది.

"అడిగాడమ్మా."

"మీరేమన్నారు? అన్నది అన్నట్టు చెప్పండి."

కసిరిన మాట కసిరినట్టే చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

"దానికి ఆయనేమన్నారు?"

ఈ ముక్క నేను ఎవరికీ చెప్పలేదు. నాలో నేను అనుకోవడానికి కూడా భయపడ్డ ముక్క అది.

"భోజనం వేళ ఇబ్బంది పెట్టాను సార్, ఏమీ అనుకోకండి, మీరు తినండి అన్నాడు."

ఆవిడ బెంచీ చివర కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అటుగా పోతున్న గుమాస్తా ఒకడు ఆగి చూసి వెళ్లిపోయాడు.

"ఆయనే," అంది చివరికి. "ఆయనే ఆ మాట అనేది."

నేను క్షమించమని అడగబోయాను. చెయ్యెత్తి ఆపేసింది.

"అది నా వల్ల కాదు. అడక్కండి. ఆ మాట కూడా రాయండి."

"అది పేటెంటుకి అవసరం లేదమ్మా."

"నాకు అవసరం. రాయండి."

రాశాను. సంతకం పెట్టి కాగితం ఇచ్చాను. ఆవిడ ఆ ఒక్క వాక్యం దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. తర్వాత మొహం తుడుచుకుని, కాగితాన్ని తనే లోపలికి పట్టుకెళ్లింది.